పై వాటా చిలకలు

అలారం మోగింది. అతను కళ్ళు సగం మూసుకునే లేచాడు. స్నానం చేశాడు, ఉతికిన యూనిఫాం తొడుక్కున్నాడు, గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. బయట మబ్బు కమ్ముకుని అచ్చం సాయంత్రంలాగే ఉంది. వాన మొదలయ్యేలోపు చేరాలని పరుగులాంటి నడకతో ఆసుపత్రికి వెళ్ళి ఐసీయూ తలుపు తోశాడు.

లోపల పగటి డ్యూటీ వాళ్ళు భోజనం డబ్బాలు విప్పుకుంటున్నారు.

"ఏరా గుడ్లగూబా, పొద్దున ఇంటికి వెళ్ళలేదా?" అంది హెడ్ సిస్టర్, నోటిదాకా తెచ్చిన చెంచా ఆపి.

అతను గోడ గడియారం చూశాడు. మధ్యాహ్నం. జేబులోంచి ఫోన్ తీశాడు. అలారం మోగడానికి ఇంకా బోలెడు టైముంది. వార్డంతా ఒకటే నవ్వు. ఆక్సిజన్ మాస్కు పెట్టుకున్న పెద్దాయన కూడా కళ్ళతోనే నవ్వాడు.

ఎప్పుడూ రాత్రి డ్యూటీలే చేసే నర్సు కాబట్టి ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గుడ్లగూబ అంటే చాలు, పలుకుతాడు. పగలు నిద్రపోవడం అతనికి అలవాటే. కానీ పై వాటాలోకి కొత్తగా ఎవరో అద్దెకి దిగినప్పటి నుంచి ఆ నిద్ర మీద ఆశ వదులుకోవాల్సి వచ్చింది. పైన ఏవో పిట్టలు. అరుస్తాయి. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా అరుస్తాయి. దిండు చెవుల మీద అదుముకుంటే దిండులోంచి కూడా వినపడతాయి.

గొడుగు వార్డులోనే మర్చిపోయి, తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి, మెట్ల మీద ఉండగానే మళ్ళీ అదే అలారం వినపడింది. జేబు తడుముకున్నాడు. ఫోన్ చల్లగా, మూగగా ఉంది. శబ్దం పైనుంచి వస్తోంది.

అతనికి అప్పుడు అర్థమైంది. రెండు వాటాల వంటింటి కిటికీలూ ఒకే ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. రోజూ సాయంత్రం మోగే తన అలారాన్ని పైనున్న పిట్ట ఏదో నేర్చేసుకుంది!

ఒళ్ళు మండిపోయింది. గబగబా పైకెక్కాడు. తలుపుకి తాళం. లోపల చెవులు చిల్లులు పడే గోల. ఇవాళ తేల్చుకుని గానీ కదలకూడదనుకుని గుమ్మం ముందు కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకి చేరగిలబడి కునుకులోకి జారిపోయాడు.

"హలో! ఎవరండీ మీరు? మా గుమ్మం ముందు నిద్రేంటి?"

కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఒకమ్మాయి. తడి జుట్టు ముడేసి, మెడలో విజిల్, భుజాన పెద్ద తువ్వాలు. వాన నీళ్ళో, కొలను నీళ్ళో తెలియకుండా చెంపల మీద చుక్కలు.

"కింద వాటా అండీ," అన్నాడు లేచి నిలబడుతూ. "మీ ఇంట్లో అలారం మోగుతోంది."

"మా ఇంట్లో అలారం లేదు."

"ఉంది. దానికి రెక్కలున్నాయి."

ఆమె అతన్ని పైనుంచి కిందకి చూసి తాళం తీసింది. కిటికీ పక్కన పంజరం. అందులో పిడికిట్లో పట్టేంత చిలకలు రెండు. లవ్ బర్డ్స్ అని బజార్లో అమ్మేవి. పసుపుపచ్చది దర్జాగా ఈకలు దువ్వుకుంటోంది. ఆకుపచ్చది తల పక్కకి వంచి, ఎంత అమాయకంగా చూస్తోందంటే దాన్ని అనుమానించినవాడికే సిగ్గెయ్యాలి.

కిచకిచమని చిన్న కబుర్లు తప్ప ఇంకో శబ్దం లేదు.

"ఇవేనా మిమ్మల్ని నిద్ర లేపింది?" అంది ఆమె. "మేడమ్, ఈయన నీ మీద కంప్లైంట్ తెచ్చారు. గుమాస్తా, నువ్వేమంటావ్?"

పసుపుపచ్చది మేడమ్. దాని వెనకే నడుస్తూ, అది ఊ అంటే ఊ అనేది గుమాస్తా. ఆ పేర్లు విని నవ్వు రావాలి గానీ, అతనున్న స్థితిలో ఏడుపొచ్చింది.

"ఇంతసేపూ గొంతు చించుకున్నాయండీ. మీరు రాగానే నటిస్తున్నాయి."

"నటిస్తున్నాయా! అయ్యో పాపం, సినిమాల్లో పెట్టిద్దాం. నేను సాయంత్రం, రాత్రి ఇక్కడే ఉంటాను కదా, ఒక్కసారి కూడా అరిచినట్టు వినలేదే? మీరు డాక్టరుకి చూపించుకోండి."

"నేను పనిచేసేది ఆసుపత్రిలోనే."

"అయితే ఇంకా సులువు," అని తలుపేసేసింది.

ఇలా మొదలైంది ఇద్దరికీ పరిచయం. ఆమె పిల్లలకి ఈత నేర్పుతుంది. తెల్లవారే కొలనుకి వెళ్తుంది, మళ్ళీ మధ్యాహ్నం దాటాకే వస్తుంది. అతను పొద్దున వచ్చి పడుకునే సరికి ఆమె ఉండదు. చిలకలు అరుస్తాయి. ఆమె వచ్చేసరికి అవి బుద్ధిమంతులైపోతాయి. మెట్ల మీద ఎదురుపడితే, "ఏమండీ, ఇవాళ మావాళ్ళు ఏ పాట పాడారు?" అనేది ఆమె. ఎర్రబడ్డ కళ్ళతో అతను పక్కనుంచి వెళ్ళిపోయేవాడు. వెళ్ళిపోయాక, మంచం మీద పడి, ఆమె నవ్వినప్పుడు ముక్కు మీద పడే ముడత గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చేది.

ఈ సరదా ఎక్కువ రోజులు సాగలేదు.

ఒక రాత్రి వార్డులో, పక్కపక్క మంచాల మీదున్న ఇద్దరి మందులూ అతని చేతిలోనే ఉన్నాయి. ఒకరి సెలైన్ గొట్టానికి ఇంకొకరి ఇంజెక్షన్ ఎక్కించబోయాడు. సూది అంచుదాకా వెళ్ళింది. పక్కనున్న సిస్టర్ గబుక్కున చెయ్యి పట్టుకుంది. "గుడ్లగూబా, ఏ మంచం?" అని మాత్రం అడిగింది. అతను సూది వెనక్కి తీశాడు. ఆ రాత్రంతా ప్రతి సీసా మీదా పేరు మళ్ళీ మళ్ళీ చదువుకుంటూనే ఉన్నాడు.

పొద్దున ఇంటికొచ్చి, తన వాటాకి కింద, అడుగు వాటాలో ఉండే పిన్ని దగ్గర కూర్చుని చెప్పేశాడు. ఆ ఇల్లు పిన్నిదే. అతని తల్లికి చెల్లెలు. బాబాయి పోయాక ఒంటరిగా ఇంటిని నడుపుకొస్తోంది. మాటంటే మాటే. కుళాయి కారుతోందని అద్దెవాళ్ళు చెప్పిన గంటలో మనిషిని పంపిస్తుంది. అద్దెవాళ్ళు గోడకి మేకు కొడితే అదే గంటలో పైకెక్కుతుంది.

"నిద్రలేక మనుషుల ప్రాణాల మీదికి తెస్తావా!" అంది పిన్ని, వింటూనే లేచి. "చెప్పవేంరా ఇన్నాళ్ళూ? ఆ పిల్ల మంచిదే, కాదనను. కానీ చిలకలు ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు. ఆదివారం పిట్టల షాపతను వచ్చి పట్టుకెళ్తాడు. నేను మాట్లాడతాను."

"పట్టుకెళ్ళడం దాకా ఎందుకు పిన్నీ..."

"నువ్వు పడుకో."

ఆ సాయంత్రం తలుపు దబదబా మోగింది. తెరిస్తే ఈత టీచరు. ముక్కు మీద ముడత లేదు. కళ్ళు మెరుస్తున్నాయి, కోపంతోనో ఇంకోదానితోనో.

"మీ పిన్నిగారితో చెప్పి పంపించేస్తున్నారట కదా. నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చాలా మాటలు చెప్పాను. మీరు నమ్మలేదు."

"అరవని పిట్టలు అరుస్తున్నాయంటే ఎలా నమ్మమంటారు? ఈ ఊళ్ళో నాకెవరూ లేరండీ. తాళం తీయగానే పలకరించేవి అవి రెండే. అది మీకు తెలుసా?"

అతనికి తెలియదు. ఆసుపత్రిలో జరిగింది ఆమెకి తెలియదు. గుమ్మంలో నిలబడే చెప్పాడు. చెబుతుంటే చేతులు వణికాయి. ఆమె చూపు ఆ చేతుల మీదే ఆగిపోయింది.

"రేపొక పని చేయండి," అన్నాడు చివరికి. "రోజూలాగే తాళం వేసి మెట్లు దిగండి. గేటు చప్పుడయ్యేలా వేయండి. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని మా ఇంట్లోకి రండి. మీ చెవులతో మీరే వినండి. అప్పుడు కూడా నేను చెప్పింది అబద్ధమంటే, ఇక నోరెత్తను."

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. అతను డ్యూటీ దిగి రాగానే, చెప్పినట్టే గేటు వేసి, పిల్లిలా అతని వంటింట్లోకి వచ్చి కిటికీ కింద స్టూలు మీద కూర్చుంది. అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఒక గ్యాసు పొయ్యి, కడగని రెండు గిన్నెలు.

కాసేపు ఏమీ లేదు. ఆమె కనుబొమలు పైకి లేచాయి, చూశారా అన్నట్టు.

అప్పుడొక అరుపు. ఒకే ఒక్కటి. తర్వాత నిశ్శబ్దం. ఏదో వినడానికి ఆగినట్టు నిశ్శబ్దం. మళ్ళీ అరుపు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. రెండోది గొంతు కలిపింది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. పిలవడం, ఆగడం, వినడం. జవాబు రాకపోతే ఇంకా గట్టిగా పిలవడం.

ఆమె మొహంలో రంగు మారిపోయింది. "రోజూ ఇంతేనా?"

"మీరు వచ్చేదాకా."

"నేను కొలనులో పిల్లలతో ఆడుకుంటూ ఉంటే, ఇవి ఇక్కడ..." మాట పూర్తిచేయలేక అరచేత్తో నోరు మూసుకుంది.

ఆమెని ఓడించాలనే అతను పిలిచాడు. గెలిచాడు కూడా. కానీ గెలిచినట్టు ఏ కోశానా అనిపించలేదు.

"వార్డులో కూడా ఇలాగే పిలుస్తారు," అన్నాడు మెల్లగా. "మత్తు దిగేటప్పుడు. ఏమీ కావాలని కాదు. ఎవరైనా ఉన్నారా అని. అవతలి చివర నుంచి 'ఇక్కడే ఉన్నానండీ' అంటే చాలు, నిద్రపోతారు."

అంటూనే అతనికొక ఆలోచన వచ్చింది. కిటికీలోకి తల పెట్టి, వాటి కిచకిచలాగే సన్నగా ఈల వేశాడు. పైన గోల టక్కున ఆగింది. ఒక్క చిన్న కూత వచ్చింది. అతను మళ్ళీ ఈల వేశాడు. పైనుంచి సర్దుకున్నట్టుగా గొణుగుడు, ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆమె స్టూలు మీద నుంచి అతన్నే చూస్తోంది. ఆ చూపు చూసి అతను ఈల మర్చిపోయాడు.

"గుంపులో ఒకటి కనపడకపోతే మిగతావి పిలుస్తాయని కొన్నప్పుడు షాపతను చెప్పాడు," అంది ఆమె. "ఆ గుంపులో నన్ను కూడా లెక్క వేసుకుంటాయని నాకు తట్టలేదు."

ఆ రోజే పైవాటా తాళంచెవి ఇంకొకటి అతని చేతికొచ్చింది. ఆదివారం ఇంకా దూరమే. ఈలోపు ఏదో దారి దొరక్కపోతుందా అని ఇద్దరికీ ఆశ. అతను డ్యూటీ దిగి పైకి వెళ్ళి వాటితో కాసేపు గడిపి, అవి కునుకు తీశాక కిందికొచ్చి పడుకునేవాడు. మధ్యలో అరిస్తే మంచం మీద నుంచే ఈల వేసేవాడు. నిద్ర పూర్తిగా దొరకలేదు గానీ, కోపం మాత్రం పోయింది. సాయంత్రం ఆమె వచ్చాక మెట్ల మీద మాటలు పెరిగాయి.

"గుమాస్తా మీ ఈల నేర్చేసుకున్నాడు. రాత్రంతా నా చెవిలో మీరే."

"అలారం కన్నా నయమే కదా?"

"అది నేనింకా తేల్చుకోలేదు."

పిన్ని మాత్రం కరగలేదు. "ఈలలు వేస్తూ నిద్రపోతావా? నీ కళ్ళు చూసుకున్నావా అద్దంలో? ఆదివారమంటే ఆదివారమే," అంది. ఆమె మాటలో తప్పు లేదని అతనికీ తెలుసు. ఆ సూది, ఆ సెలైన్ గొట్టం ఇంకా కళ్ళముందే ఉన్నాయి.

శనివారం వచ్చింది.

ఆ రోజు పొద్దున వార్డులో ఒకదాని మీద ఒకటిగా కేసులొచ్చి, అతను ఒళ్ళు హూనమై వచ్చాడు. కింద పడుకుంటే బాగుండేది. కానీ ఇదే ఆఖరి రోజు కదా అని పైకెక్కాడు. ఆమె రోజూ చేసినట్టే కిటికీలన్నీ మూసి, చిలకల్ని గదిలోకి వదిలాడు. మేడమ్ పరదా కర్ర ఎక్కింది. గుమాస్తా అతని భుజం మీద వాలి చెవి కొరికాడు. కుర్చీలో కూర్చుని నవ్వుతూనే రెప్ప వాల్చాడు.

ఇన్నాళ్ళూ శబ్దానికి మెలకువ వచ్చేది. ఆ రోజు నిశ్శబ్దానికి వచ్చింది.

వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. గడియ పడిందనుకున్నాడు. పడలేదు. మేడమ్ పరదా కర్ర మీదే ముడుచుకుని ఉంది. గుమాస్తా ఎక్కడా లేడు.

అల్మారాల వెనక, మంచం కింద, దీపాల పైన వెతికాడు. లేడు. కిటికీలోంచి చూస్తే సందు పైన చారెడు ఆకాశం, నల్లటి మబ్బు. ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాడు.

ఆమె కొలను బట్టల మీదే ఏదో తొడుక్కుని పరిగెత్తుకొచ్చింది. తెరిచి ఉన్న కిటికీ చూసింది. అతన్ని చూసింది.

"నిద్రపోయాను," అన్నాడు. ఇంకేం చెప్పినా సాకే అవుతుందని ఊరుకున్నాడు.

"ఆదివారం దాకా కూడా ఆగలేకపోయారా?"

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. "కావాలని చేశానని అనుకుంటున్నారా?" అన్నాడు.

"ఏమో. నాకేం తెలుసు? తాళంచెవి ఇచ్చింది నేనే కదా. నాదే బుద్ధి తక్కువ."

ఇద్దరూ వీధులన్నీ తిరిగారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. చెట్టు కనిపిస్తే చాలు ఆగి పైకి చూశారు. కొట్లవాళ్ళని అడిగారు. ఎవరో ఆకుపచ్చగా ఏదో ఎగరడం చూశామన్నారు, ఎటో చెప్పలేకపోయారు. పంజరంలో పుట్టి పెరిగిన పిట్ట. గింజ వెతుక్కోవడం తెలియదు, కాకి అంటే ఏమిటో తెలియదు. వాన పడితే రెక్కలు తడిసి ఎక్కడో రాలిపోతుంది. ఈ మాటలు ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

చివరికి మేడమ్‌ని పంజరంలో పెట్టి డాబా మీదికి తీసుకెళ్ళారు. అది అరిస్తే గుమాస్తా విని వస్తాడని ఆమె ఆశ. మేడమ్ అరవలేదు. ఇన్ని రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన మేడమ్, గొంతు కావాల్సిన రోజున నోరు విప్పలేదు. ఆమె వైపే చూస్తూ ఈకలు పొంగించుకుని కూర్చుంది.

"అరవవే తల్లీ," అంది ఆమె పంజరం ముందు మోకాళ్ళ మీద కూర్చుని. "ఒక్కసారి పిలవవే. ఎందుకిలా చేస్తావ్?"

అతను ఈల వేశాడు. మేడమ్ కనీసం తల తిప్పలేదు. దూరంగా ఉరిమింది. ఎదురింటి గోడ మీద కాకులు వరసగా చేరుతున్నాయి.

అతను పంజరం కేసి చూశాడు, దాని ముందున్న ఆమె కేసి చూశాడు. అప్పుడు తట్టింది.

"మీరు కిందికి వెళ్ళాలి," అన్నాడు.

"ఏంటి?"

"మీరు ఎదురుగా ఉన్నంతసేపూ అది పిలవదండీ. దానికి కావలసిన మనిషి ఇక్కడే ఉన్నారు కదా. మీరు వెళ్ళిపోతే పిలుస్తుంది. అప్పుడు వాడు వింటాడు."

ఆమె లేచి నిలబడింది. "దీన్ని కూడా మీ చేతిలో పెట్టి వెళ్ళమంటారు. పొద్దున అలాగే కదా వాడిని పెట్టి వెళ్ళాను."

"అవును," అన్నాడు. "మళ్ళీ ఒక్కసారి పెట్టండి."

గాలి పెద్దదైంది. ఆమె పెదవి కొరుక్కుని అతని మొహంలోకి చూసింది. ఏం కనపడిందో మరి, భుజం మీది తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఏదో అనబోయి మానుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర ఆగుతుందేమో అనుకున్నాడు. ఆగలేదు. అడుగుల చప్పుడు కిందకి, ఇంకా కిందకి పోయి వినపడకుండా అయింది.

మేడమ్ కదిలింది. కర్ర మీద అటు జరిగింది, ఇటు జరిగింది. మెడ చాచి మెట్లవైపు చూసింది. అరిచింది.

ఆ అరుపుకి జీవితంలో మొదటిసారి అతని కళ్ళు చెమర్చాయి.

ఇంకోసారి. ఇంకోసారి. మొత్తం వీధి వినేలా. కాకులు రెక్కలు దులుపుకున్నాయి. జవాబు లేదు. మొదటి చినుకు అతని మెడ మీద పడింది. అతను పంజరం పక్కనే, గోడ మూలలో, కదలకుండా ముడుచుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఎక్కడో, ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనక, సన్నగా ఒక కూత.

మేడమ్ వెర్రిగా అరిచింది. ట్యాంకు వెనక నుంచి ఆకుపచ్చ ఉండలాంటిదేదో ఎగిరింది, తూలుతూ, గాలికి పక్కకి కొట్టుకుపోతూ. ఒక కాకి లేచింది. అతను అరవకూడదు. అరిస్తే గుమాస్తానే బెదురుతాడు. పళ్ళు బిగబట్టి, చేతికందిన మట్టిపెల్ల కాకి మీదికి విసిరాడు. కాకి పక్కకి తిరిగింది. ఆ క్షణంలో గుమాస్తా డాబా మీద బట్టల తీగ పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి పంజరం పైన పడ్డాడు. ముక్కు తెరిచి వగరుస్తున్నాడు.

తువ్వాలు ఒక్కసారే వేయగలడు. తప్పితే మళ్ళీ దొరకడు. రాత్రుళ్ళు సన్నటి రక్తనాళాలు వెతికి సూది గుచ్చే చేతులవి. మొన్న వణికిన చేతులు కూడా అవే. అతను ఊపిరి బిగబట్టి, బిడ్డకి దుప్పటి కప్పినట్టు, తొందరపడకుండా తువ్వాలు వాల్చాడు.

లోపల గిలగిల. గుడ్డలోంచే గుమాస్తా వేలు కసిగా కొరికాడు. అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

వాడిని పంజరంలోకి జార్చి, తలుపు వేసి, ఒకసారి కాదు పదిసార్లు లాగి చూసుకుని, వానలో పంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్లు దిగాడు. పై వాటా దాటాడు, తన వాటా దాటాడు. అడుగున, పిన్ని గుమ్మం ముందు, ఆమె రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉంది. పక్కనే నేల మీద పిన్ని, ఆమె వీపు మీద చెయ్యి వేసి.

"దొరికాడు," అన్నాడు.

ఆమె తలెత్తింది. లోపల తడి ఈకలతో గుమాస్తా, వాడి తల గీరుతూ మేడమ్. ఆమె పంజరానికి మొహం ఆనించి, ఇక ఆపుకోలేదు. పెద్దగా ఏడ్చేసింది.

"పిన్నీ," అన్నాడతను. "షాపతన్ని రావొద్దని చెప్పు. ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్ళాలంటే నేను వెళ్తాను. ఆసుపత్రి హాస్టల్లో మంచం ఇస్తారు."

ఏడుపు మధ్యలోనే ఆమె గిర్రున తిరిగింది. "ఎవరడిగారు మిమ్మల్ని వెళ్ళమని?"

"ఎవరూ అడగలేదు. కానీ..."

"అన్నీ మీరే అనుకుంటారా? కంప్లైంట్ మీరే ఇస్తారు, కిటికీ మీరే తెరుస్తారు, వానలో మీరే తడుస్తారు, చివరికి ఇల్లు కూడా మీరే ఖాళీ చేస్తారా?"

"ఆగండి ఇద్దరూ," అంది పిన్ని. ఆమె దృష్టి పంజరం మీద ఉంది. "అమ్మాయ్, నువ్వు ఇందాక చెప్పింది నిజమేనా? మనిషి కనపడితే అరవవా ఇవి?"

"అరవవు పిన్నిగారూ. ఎవరో ఒకరు ఎదురుగా తిరుగుతుంటే చాలు."

"పగలంతా నేను ఇంట్లోనే తిరుగుతాను కదే," అంది పిన్ని. "పొద్దున వెళ్తూ ఇక్కడ దించి పో. వచ్చాక పట్టుకెళ్ళు. వాడి నిద్రా వాడికుంటుంది."

"మీకు గోల నచ్చదు కదండీ?"

"గోల నచ్చదు. కబుర్లయితే వింటాను. మీ బాబాయిగారు పోయినప్పటి నుంచి నేను ఈ గోడలతోనే మాట్లాడుతున్నా," అని పిన్ని మోకాళ్ళ మీద చేతులేసి లేచింది. "షాపతనికి ఫోన్ చేసొస్తాను. వాడి వేలు చూడు, రక్తం కారుతోంది."

ఈత టీచరు బ్యాగులోంచి కొలను దగ్గర పిల్లలకి కట్టే బ్యాండేజీ తీసింది. నర్సుకి కట్టు కట్టడం ఆమెకదే మొదటిసారి. అతను తప్పులు దిద్దబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాడు.

"అంత గబగబా దిగిపోయారేంటి మెట్లు?" అన్నాడు. "ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు."

"చూస్తే దిగలేను. పైనుంచి అది పిలుస్తుంటే ఒక్కో మెట్టూ..." ఆగింది. "మీరు కూడా ఏదో అనబోయారు అప్పుడు. ఏంటది?"

"వెళ్ళొద్దని."

"వెళ్ళమన్నదే మీరు!"

"అందుకే అనలేదు. వాడు దొరకాలి కదా." అతను నేలకేసి చూశాడు. "ఇప్పుడు దొరికాడు కాబట్టి చెప్తున్నాను. మీరు మెట్లు దిగి వెళ్తుంటే నాకు బాగుండదు. ఇవాళ ఒక్కరోజే కాదు, రోజూ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె కట్టు మీద కట్టు చుడుతూనే ఉంది. వేలు బొటనవేలంత అయింది, ఆపైన గుమ్మటమంత అయింది.

"నాకింకా కోపం పోలేదు," అంది చివరికి.

"తెలుసు."

"రేపటికి పోతుందేమో చూస్తాను."

ఆ రాత్రి వార్డులో అందరూ అతని వేలు చూసి నవ్వారు. అతను ప్రతి సీసా మీదా పేరు చదివి చదివి మందులిచ్చాడు. తెల్లారాక వాన కడిగిన వీధిలోంచి ఇంటికొచ్చి గేటు దగ్గర ఆగాడు. రేపు అన్నది ఇవాళ అయింది మరి.

పిన్ని గది తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన పంజరం. పిన్ని కుర్చీ దాని ముందుకి లాక్కుని, అద్దె సరిగ్గా కట్టని ఎవరి సంగతో మేడమ్‌కి వివరంగా చెబుతోంది. మేడమ్ శ్రద్ధగా వింటోంది. ఈత టీచరు వంటింట్లోంచి మూడు కప్పులతో వచ్చింది. కొలనుకి ఆదివారం సెలవు. జుట్టు పొడిగా ఉండడం అతను చూడడం అదే మొదటిసారి. చూస్తూ ఉండిపోయాడు.

ఆమె కప్పు అతని ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు. అడగాలా, ఆగాలా తేల్చుకోలేక ఆ కట్టునే చూసుకుంటున్నాడు.

"నువ్వు ముందు టీ తాగు, చల్లారిపోతోంది," అంది ఆమె.

పిన్ని మాటలు మధ్యలో ఆగిపోయాయి. అతను తలెత్తాడు. తానేమన్నదో అప్పుడే తెలిసినట్టు ఆమె చెవులు ఎర్రబడ్డాయి, కానీ చూపు మాత్రం తిప్పుకోలేదు.

"ఏమన్నారు?" అన్నాడు.

"టీ చల్లారిపోతోందన్నాను."

"దానికి ముందు."

"నువ్వు అన్నాను," అంది ఆమె, ముక్కు మీద ముడత పడేలా నవ్వి. "వినపడకపోతే చెప్పు, మళ్ళీ అంటాను."

పిన్ని కుర్చీని ఇంకొంచెం పంజరం వైపుకి తిప్పుకుని, "అయితే మేడమ్, ఎక్కడ ఆపాను?" అంది.